బిల్లుల సంచి ముందు ఏడు నిమిషాలు: వాయిదా అలవాటు మీద స్వీయ హిప్నోసిస్, ప్రాజెక్టు డైరీ

ఒడిశాలోని పర్లాకిమిడిలో చిన్న వ్యాపారులకు లెక్కలు రాసి, జీఎస్‌టీ రిటర్నులు వేసే పని నాది. కిరాణా కొట్లు, జీడిపప్పు వ్యాపారులు, ఇద్దరు ముగ్గురు రైసు మిల్లుల వాళ్లు నా ఖాతాదార్లు. సగం మంది ఈ ఊరివాళ్లు, మిగతావాళ్లు సరిహద్దు అవతల, ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం వైపు వాళ్లు. పని చెయ్యడం వచ్చి కూడా మొదలుపెట్టలేక రోజులు పోగొట్టుకుంటున్న వాళ్ల కోసం ఈ డైరీ రాస్తున్నాను. ఏది పనిచెయ్యలేదో, ఏది ఎందుకు మార్చానో ఉన్నది ఉన్నట్టు పెట్టాను. మీ పనికి తగ్గట్టు మార్చుకొని వాడుకోండి.

నేను వాడింది స్వీయ హిప్నోసిస్, అంటే నా గొంతుతో నేనే రికార్డు చేసుకున్న సూచనల్ని ఒళ్లు వదులు చేసుకొని వినడం. ముందే ఒక సంగతి చెప్పాలి. నొప్పి తగ్గించడంలో, ఐబీఎస్ అనే పేగుల సమస్యలో హిప్నోథెరపీకి మంచి ఆధారాలున్నాయి. వాయిదా అలవాటు విషయంలో అంత గట్టి ఆధారాలు లేవు. అందుకే నమ్మకం మీద వదిలెయ్యకుండా మొదటి నుంచీ కొలుస్తూ వచ్చాను.

దశ 0: ఏం కొలవాలి

రోజుకు ఎన్ని రిటర్నులు వేశానన్నది ఇక్కడ పనికొచ్చే కొలత కాదు. అది ఖాతాదారు బిల్లులు ఎప్పుడు తెస్తాడు, ఓటీపీ ఎప్పుడు చెప్తాడు అన్నదాని మీద ఉంటుంది. నా చేతిలో ఉన్నది మొదలుపెట్టడం ఒక్కటే. కాబట్టి ఈ మూడు అంకెలు పెట్టుకున్నాను:

1. మొదలు ఆలస్యం: ఉదయం కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి టాలీలో (లెక్కలు రాసే కంప్యూటరు ప్రోగ్రాం) మొదటి బిల్లు ఎక్కేదాకా ఎన్ని నిమిషాలు.
2. పెండింగ్ సంచులు: ఖాతాదార్లు ఇచ్చిన బిల్లుల సంచుల్లో ఇంకా విప్పనివి, సగంలో ఆపినవి కలిపి.
3. నా వల్ల పడిన లేటు ఫీజు: నెలకి ఎంత. రిటర్నుకి రోజుకు 50 రూపాయలు, లావాదేవీలేవీ లేని రిటర్నయితే 20. నా ఆలస్యం వల్ల పడితే నేనే కట్టుకుంటాను.

మొదలు ఆలస్యానికి సగటు తియ్యలేదు. ఒక రోజు బరంపురం వెళ్లొస్తే ఆ ఒక్క అంకె వారం మొత్తాన్ని పాడు చేస్తుంది. వారం అంకెల్ని చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాసి నడిమిది తీసుకున్నాను.

పనిముట్లు: ఫోనులో స్టాప్‌వాచ్, నలభై పేజీల నోటుబుక్కు, వైరున్న ఇయర్‌ఫోను. బ్లూటూత్‌ది వాడితే ఛార్జింగు లేదన్న సాకు దొరుకుతుంది.

అంకెలతో పాటు ఆ ఆలస్యంలో ఏం చేస్తున్నానో కూడా రాశాను. బల్ల తుడవడం, టీ, ఫోను, మళ్లీ బల్ల. దాని వెనక ఉన్నది బద్ధకం కాదని అక్కడే తేలింది. బిల్లుల సంచి కంటబడగానే పక్కటెముకల కింద బిగుసుకుంటుంది. చూపు పక్కకి తిప్పుకుంటే వదులవుతుంది. ఆ వదులు కోసమే బల్ల తుడుస్తున్నాను. వాయిదా వెయ్యడమంటే టైము సర్దుకోలేకపోవడం కాదనీ, ఇబ్బందిపెట్టే భావం నుంచి కాసేపు తప్పుకోవడమనీ ఫూషియా సిరోయిస్, తిమోతీ పిచిల్ అనే పరిశోధకులు 2013లో రాశారు. నా నోటుబుక్కు చెప్పింది కూడా అదే.

ఆ సంచి ఎలా ఉంటుందో చెప్తే బిగుసుకోవడం ఎందుకో తెలుస్తుంది. పసుపు, మిరప్పొడి అంటిన గుడ్డసంచి. లోపల గుండుసూదులతో గుచ్చిన బిల్లులు, కొన్ని తెలుగులో, కొన్ని ఒడియా చేతిరాతలో. మధ్యలో థర్మల్ కాగితం బిల్లులు. అవి వేడికి వెలిసిపోతాయి. రెండు నెలలు పక్కన పడేస్తే తేదీ కనిపిస్తుంది, ఎంత సొమ్మో కనిపించదు. ఆలస్యమయ్యేకొద్దీ పని కష్టమవుతుంది, కష్టమయ్యేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది.

మొత్తాలు, దశ 0: మొదలు ఆలస్యం 75 నిమిషాలు. పెండింగ్ సంచులు 31. నెల లేటు ఫీజు 1,350.

దశ 1: మొదటి రికార్డింగు

విశాఖలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర ఒక సిట్టింగు తీసుకున్నాను. ముందు నిద్ర, ఆకలి, దిగులు గురించి ఆవిడ చాలాసేపు అడిగారు. డిప్రెషన్, థైరాయిడ్ లాంటివి ఉంటే బయటికి వాయిదా అలవాటులాగే కనిపిస్తాయట, వాటి వైద్యం వేరట. తర్వాత స్వీయ హిప్నోసిస్ నేర్పించి మూడు కట్టడులు పెట్టారు. బండి నడుపుతూ రికార్డింగు వినకూడదు. మూర్ఛలు గానీ, భ్రమలు కలిగే మానసిక జబ్బు గానీ ఉన్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకూడదు. పాత జ్ఞాపకాలు తవ్వే పనికి దీన్ని వాడకూడదు, ఎందుకంటే హిప్నోసిస్‌లో లేని జ్ఞాపకాలు కూడా నిజంలా పుట్టుకొస్తాయి.

మన దగ్గర హిప్నాటిజం అనగానే స్టేజీ మీద చేతులు విడిపోకుండా అతుక్కుపోవడమే గుర్తొస్తుంది. బి.వి. పట్టాభిరామ్ గారి ప్రదర్శనల పుణ్యమా అని ఆ మాట తెలియని తెలుగిల్లు తక్కువ. చికిత్సలో జరిగేది అంతకంటే మామూలుగా ఉంటుంది. ధ్యాస ఒక్కచోట కుదురుకుంటుంది, ఒళ్లు వదులవుతుంది, ఆ సమయంలో విన్న సూచన సులువుగా లోపలికి దిగుతుంది. స్పృహ ఎక్కడికీ పోదు. వీధిలో కూరగాయల బండి కేక నాకు వినిపిస్తూనే ఉంటుంది.

ఈ సూచనలు అందరికీ ఒకేలా పట్టవు. దాన్ని కొలవడానికి వైట్‌జెన్‌హోఫర్, హిల్‌గార్డ్ 1959లో స్టాన్‌ఫర్డ్ స్కేలు తయారు చేశారు. అందులో 12 అంశాలు. అందులోని చేతులు దగ్గరికొచ్చే అంశాన్ని ఇంట్లో చేసి చూశాను. రెండు చేతులూ ముందుకి చాచి, మధ్యలో అడుగు ఖాళీ పెట్టి, రెండూ ఒకదాన్నొకటి లాగుతున్నాయని ఊహించుకోవాలి. మా ఆవిడ టైలరింగు టేపుతో కొలిచింది. 12 అంగుళాలు 7కి వచ్చింది. గొప్పగా పట్టే రకం కాదు, అసలు పట్టని రకమూ కాదు. ఎక్కువమంది ఉండేది ఈ మధ్యలోనే.

రికార్డింగు ఇలా చేశాను:

1. ఒక పేజీ రాసుకొని చదివితే మూడు నిమిషాల్లో అయిపోయింది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక ఊపిరి వదిలి చదివితే ఏడు.
2. ఫోను నోటికి జానెడు దూరం, కాస్త పక్కకి. ఎదురుగా పెడితే ‘ప’, ‘బ’ దగ్గర గాలి కొడుతుంది.
3. ఫ్యాను ఆపాలి. ఆ రొద రికార్డింగులో సముద్రంలా వినిపిస్తుంది.
4. మొదట చూపు నిలపడం. హిప్నోటిజం అన్న మాటని వాడుకలోకి తెచ్చిన స్కాట్లాండ్ సర్జన్ జేమ్స్ బ్రెయిడ్ 1840లలో తన కత్తుల పెట్టెని రోగి కళ్లకి 8 నుంచి 15 అంగుళాల దూరంలో, నుదుటికి కొంచెం పైన పట్టుకునేవాడు. నేను బీరువా పిడికి ఎర్ర స్టిక్కరు అంటించి, మూరెడు దూరంలో తల ఎత్తకుండా కళ్లు మాత్రమే పైకెత్తి చూసేలా కుర్చీ జరుపుకున్నాను. కాసేపటికి రెప్పలు వాటంతటవే బరువెక్కుతాయి.
5. తర్వాత మెట్లు దిగుతున్నట్టు పది నుంచి ఒకటి వరకు లెక్క, ఆ తర్వాత సూచనలు.

మొదట్లో దీన్ని ఇరవై రెండు నిమిషాలకి సాగదీసి రాత్రి పడుకునే ముందు విన్నాను. నిద్ర బాగా పట్టింది. పొద్దున్న ఆలస్యం మాత్రం పెరిగింది. సూచనల దాకా మెలకువగా ఉంటే కదా అవి పట్టేది. పైగా రాత్రి విన్నదానికీ పొద్దున్న సంచికీ మధ్య ఎనిమిది గంటల ఎడం.

రెండో లోపం ప్రశాంతమైన చోటుని ఊహించుకోమనడం. పుస్తకాల్లో అందరూ చెప్పేదే. నేను మహేంద్రతనయ నది ఒడ్డుని పెట్టుకున్నాను. నీళ్లు, ఇసుక, చల్లగాలి. హాయిగానే ఉంటుంది, కానీ ఆ ఒడ్డున కూర్చున్న మనిషికి లేచి బిల్లులు చూడాలని ఎందుకనిపిస్తుంది? టెన్షన్ తగ్గించడానికి నది పనికొస్తుంది, పని మొదలుపెట్టించడానికి పనికిరాదు. తీసేశాను.

మొత్తాలు, దశ 1: మొదలు ఆలస్యం 90 నిమిషాలు. పెండింగ్ సంచులు 33. నెల లేటు ఫీజు 1,350.

దశ 2: వాక్యాలు తిరగరాయడం

ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. రికార్డింగుని ఏడు నిమిషాలకి కుదించి, పొద్దున్న పని కుర్చీలోనే వినడం మొదలుపెట్టాను. దానివల్ల కొంత మేలు కనబడింది. అసలు మార్పు వాక్యాలు మార్చాక వచ్చింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెడుతున్నాను.

పాతది: ‘నేను ఇకపై పనులను వాయిదా వేయను.’
ఇది వింటే మనసులో మెదిలేది వాయిదానే. ‘వద్దు’ అన్నదానికి బొమ్మ ఉండదు.
కొత్తది: ‘సంచి మూతి విప్పుతున్నాను. పైనున్న కాగితం నా చేతిలో ఉంది.’

పాతది: ‘నేను గట్టిగా ప్రయత్నిస్తాను.’
ఫ్రాన్స్‌లో మందుల షాపు నడిపిన ఎమిల్ కూయే స్వీయ సూచనలకి పేరుపడ్డాడు. సంకల్పంతో బలవంతం చేసేకొద్దీ ఊహ ఎదురు తిరుగుతుందనేది ఆయన మాట. నిద్ర పట్టాలని గట్టిగా ప్రయత్నించిన ఎవరికైనా ఇది తెలుసు. ప్రయత్నం, సంకల్పం, పట్టుదల మూడు మాటల్నీ కొట్టేశాను.
కొత్తది: ‘చెయ్యి దానంతట అదే సంచి మీదకి వెళ్తోంది.’

పాతది: ‘నాలో ఎలాంటి ఆందోళనా లేదు.’
ఇది అబద్ధం. పక్కటెముకల కింద బిగుతు అక్కడే ఉంది. వినే మనసుకి తెలిసిపోతుంది, తర్వాతి వాక్యాన్ని కూడా నమ్మదు.
కొత్తది: ‘పక్కటెముకల కింద బిగుసుకుంది. ఉండనీ. ఊపిరి వదులుతున్నాను. బిగుతు ఉండగానే చెయ్యి కదులుతోంది.’

నాకు బాగా పనిచేసిన వాక్యం ఇదే. బిగుతు పోయాకే పని మొదలవుతుందన్న షరతు దీనివల్ల పోయింది. ఈ డైరీలోంచి ఒక్కటే తీసుకుంటానంటే దీన్నే తీసుకోమంటాను.

భాష కూడా మార్చాను. మొదటి రికార్డింగు రేడియో వార్తల్లా ఉంది. ‘మీ శరీరం విశ్రాంతి పొందుచున్నది’ అన్న ధోరణి. వింటుంటే ఎవరో చెప్తున్నట్టుంది గానీ నాకు నేను చెప్పుకుంటున్నట్టు లేదు. ఇంట్లో మాట్లాడుకునే యాసలో మళ్లీ చదివాను: ‘సెయ్యి బరువెక్కతంది. ఊపిరి ఒదిలీ. ఒదిలీసి సంచి తీ.’ భుజాలు దిగడం ఈ మాటలకే మొదలైంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్తూ వాడుక భాష కోసం పోరాడిన ఊరు ఇది. మనిషి మనసులోకి వెళ్లే మాట అతను నోటితో పలికే మాటే అయి ఉండాలని ఆయన అంతగా ఎందుకు పట్టుబట్టారో ఈ పనిలో నాకు ఇంకొంచెం తెలిసింది. మీది ఏ యాసైతే అందులోనే రికార్డు చేసుకోండి, మీ గొంతుతోనే.

మొత్తాలు, దశ 2: మొదలు ఆలస్యం 40 నిమిషాలు. పెండింగ్ సంచులు 24. నెల లేటు ఫీజు 650.

దశ 3: మొదటి కదలిక, 21 లేక 37

మొదలు ఆలస్యం 40 దగ్గర ఆగిపోయింది. స్టాప్‌వాచ్ చూస్తే కారణం దొరికింది. సంచి వెంటనే విప్పుతున్నాను, పైనున్న కాగితం తీస్తున్నాను, అక్కడ ఆగిపోతున్నాను. ఏ ఖాతాకి, ఏ నెలకి, ఏ పన్నుకి అన్న మూడు ప్రశ్నలు ఒకేసారి మీద పడుతున్నాయి. సూచన నన్ను కాగితం దాకా తెచ్చి వదిలేస్తోంది.

పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1990లలో చెప్పిన పద్ధతి ఇక్కడ కలిపాను: ‘ఫలానాది ఎదురైతే ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడి వేసుకోవడం. ఆ పని ఎంత చిన్నదైతే అంత మేలు. ఆలోచన అక్కర్లేని పని కావాలి.

మా సరిహద్దే ఆ పని ఇచ్చింది. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడు. ఒడిశాది 21, ఆంధ్రప్రదేశ్‌ది 37. పక్కనే ఉన్న పాతపట్నం నుంచి సరుకు తెచ్చినా అది వేరే రాష్ట్రం కొనుగోలే, ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల మీద పన్ను) కిందకి పోతుంది. గడువు కూడా వేరు. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న వ్యాపారులకి 3బీ అనే రిటర్ను ఆఖరు తేదీ పాతపట్నం వైపు 22, మా వైపు 24. అంటే కాగితం తియ్యగానే నేను చూడాల్సింది రెండంకెలే.

రికార్డింగు చివరి భాగం ఇలా తిరగరాశాను:

1. ఒకటి: ఊపిరి లోపలికి. పాదాలు నేల మీద ఆనాయి.
2. రెండు: చెయ్యి సంచి మీద ఉంది.
3. మూడు: కాగితం బయటికొచ్చింది.
4. నాలుగు: కళ్లు తెరుచుకుంటున్నాయి. మొదటి రెండంకెలు.
5. అయిదు: 21 అయితే ఎడమకి, 37 అయితే కుడికి.

రికార్డింగు ముగిసేసరికి చేతులు పనిలో ఉంటాయి. మామూలు రికార్డింగుల్లో ‘తాజాగా, హుషారుగా మేల్కొంటారు’ అని వదిలేస్తారు. ఆ హుషారు నన్ను టీ దగ్గరికి పంపేది. మేల్కొనేది పనిలోకే అయ్యేలా మార్చాను. ఇరవై కాగితాలు అటూ ఇటూ వేసేసరికి బిగుతు సంగతి మర్చిపోతాను. అప్పుడు టాలీ తెరుస్తాను.

ఇక్కడ ఒక అనుమానం వచ్చింది. ఇదంతా కాగితాలు విడదీసే ఉపాయం చేసిన మేలేమో, హిప్నోసిస్ పాత్ర ఏమీ లేదేమో. రెండు వారాలు కేటాయించి చూశాను. రికార్డింగు లేకుండా 21, 37 ఉపాయం ఒక్కటే వాడిన వారం నడిమి అంకె 28. రెండూ కలిపిన వారం 12. ఒక్క మనిషి మీద చేసిన పరీక్ష ఇది, రికార్డింగు మీద నాకున్న ఆశ కూడా ఆ తేడాలో కలిసి ఉంటుంది. అయినా రోజూ మిగిలే పదహారు నిమిషాలు నాకు ముఖ్యమే కాబట్టి రెండూ ఉంచాను.

మొత్తాలు, దశ 3: మొదలు ఆలస్యం 12 నిమిషాలు, రికార్డింగు ఏడు నిమిషాలు కలుపుకొనే. పెండింగ్ సంచులు 9. నెల లేటు ఫీజు 150.

దశ 4: ఫోన్లు చెయ్యడం, ఇంకా కుదరలేదు

సంచులు తగ్గాక ఇంకో వాయిదా బయటపడింది. లేని బిల్లు కోసం, ఓటీపీ కోసం ఖాతాదారుకి ఫోను చెయ్యడం. ఇన్నాళ్లూ సంచుల కిందే ఉండిపోవడంతో నాకు కనిపించలేదు.

దీనికి వేరే రికార్డింగు చేశాను. అదే చూపు నిలపడం, అదే లెక్క, చివర్లో చెయ్యి ఫోను మీదకి వెళ్తుందన్న సూచన. పనిచెయ్యలేదు. చెయ్యి వెళ్తోంది, నంబరు నొక్కడం లేదు. కాగితం ఎదురు మాట్లాడదు, మనిషి మాట్లాడతాడు. అవతల ఏమంటారో తెలియనప్పుడు మనసు ఊహించుకునేది చెడ్డదే.

మూలకొట్టు పెద్దాయన నన్ను ఎప్పుడు చూసినా ఒకటే అడుగుతాడు: ‘బాబూ, నా కాయితాలు సంచిలోంచి బయటికొచ్చాయా?’ నేను ‘చూస్తాను బాబాయ్’ అనేవాణ్ని. ఇప్పుడు ఆయన కాగితాలు బయటికొచ్చాయి. అందులో రెండు కొనుగోలు బిల్లులు లేవు. ఆ మాట ఆయనకి చెప్పడమే నాకు కష్టంగా ఉంది.

ప్రస్తుతం చేస్తున్నది:

1. ఫోను చెయ్యాల్సిన పేరు పక్కన మొదటి వాక్యం చీటీ మీద పూర్తిగా రాయడం. ‘బాబాయ్, ఆగస్టు బిల్లుల్లో రెండు తక్కువున్నాయి, పప్పులవీ నూనెవీ.’
2. రికార్డింగు లేదు. ఒక పొడుగాటి ఊపిరి, బొటనవేలూ చూపుడువేలూ నొక్కడం. ఉదయం రికార్డింగులో భుజాలు దిగే చోట ఇదే నొక్కుడు చేస్తూ వచ్చాను కాబట్టి ఇప్పుడు నొక్కితే భుజాలు కొంత దిగుతాయి.
3. చీటీలోది చదవడం. తర్వాతి మాట సంగతి తర్వాత.

చీటీ ఉన్న రోజు ఫోన్లు అవుతున్నాయి. చీటీ రాయడం కూడా వాయిదా పడే రోజులున్నాయి. దీనికి ఇంకా కొలత కుదరలేదు. నిమిషాలు పనికిరావు, ఎందుకంటే పగలు పన్నెండు దాటితే కొట్లు రద్దీగా ఉంటాయి, అప్పుడు చెయ్యకపోవడమే సరైన పని. రాసిన చీటీల్లో సాయంత్రానికి ఎన్నిటికి ఫోను చేసి చించానన్నది లెక్కపెట్టాలనుకుంటున్నాను.

దశ 5: నిలబెట్టుకోవడం

రికార్డింగు అరుగుతుంది. నెలన్నర దాటేసరికి తర్వాతి మాట ఏమిటో నోటికొచ్చేసి, వింటూనే వేరే ఆలోచనల్లోకి పోతున్నాను. ఆలస్యం 12 నుంచి 21కి పెరిగింది. వాక్యాల వరస అలాగే ఉంచి మళ్లీ చదివి రికార్డు చేస్తే 14కి దిగింది. అప్పటి నుంచి ఆలస్యం రెండు వారాలు వరసగా 20 దాటితే కొత్తది చెయ్యాలని నోటుబుక్కు అట్ట మీద రాసి పెట్టాను.

మధ్యాహ్నం భోజనం తర్వాత ఇది పనిచెయ్యదు. ఒళ్లు వదలమంటే నిద్ర పడుతుంది. మధ్యాహ్నం మొదలుకి 21, 37 ఉపాయం ఒక్కటే వాడుతున్నాను, నిలబడి.

రథయాత్ర వారం, పెళ్లిళ్ల వారం అంకెలు పాడయ్యాయి. వాటిని కొట్టెయ్యకుండా అలాగే ఉంచాను, పక్కన కారణం రాశాను. సంచీ విప్పని రోజుల తర్వాత మొదటి ఉదయం ఆలస్యం ఎప్పుడూ 30కి పైనే ఉంది. ఆ ఉదయానికి అన్నిటికంటే పల్చని సంచి ఎంచి ముందు రాత్రే బల్ల మీద పెడుతున్నాను.

మొత్తాలు, దశ 5: మొదలు ఆలస్యం 14 నిమిషాలు. పెండింగ్ సంచులు 4, అందులో రెండు ఫోను చెయ్యనందుకే ఆగినవి. నెల లేటు ఫీజు సున్నా.

వచ్చే దశ జీఎస్‌టీ నోటీసులకి జవాబులు రాయడం. అక్కడ రెండంకెలు చూసే సౌకర్యం లేదు, ప్రతి నోటీసూ వేరు. మొదటి కదలికగా నోటీసు నంబరు, జవాబివ్వాల్సిన ఆఖరు తేదీ రెండూ నా చేత్తో కాగితం మీద ఎక్కించడం పెట్టి రికార్డింగు రాస్తున్నాను. ముందు రికార్డింగు లేకుండా ఒక వారం కొలుస్తాను.